ధర ఎవరి పత్తాలో ఉంది?

సింగరేణిలో వారపు సెలవును ప్లేడే అంటారు. శ్రీరాంపూర్ కాలనీలో ప్లేడే సాయంత్రం క్వార్టర్ల ముందు చాప పరిచారంటే పత్తాలు దిగినట్టే. కోస్తా జిల్లాల్లో పేకముక్కలనేవాటిని ఇక్కడ పత్తాలంటాం. ఆ చాప మీద నడిచేది మామూలుగా రమ్మీ. ఒక చలికాలం సాయంత్రం నేను వాళ్ల రమ్మీ ఆపించి, కట్టలోంచి పది పత్తాలు మాత్రం ఏరి, వేరే ఆట ఆడించాను. ఆ పది పత్తాల కథే ఈ అధ్యాయం.

ఆట నేర్పడానికి రెండు నిమిషాలు చాలు. నల్ల పత్తాలు, అంటే ఇస్పేటు, కళావరు, అమ్మేవాళ్లవి. ఎర్రవి, అంటే ఆఠీను, డైమను, కొనేవాళ్లవి. అంకె ఎంతుంటే అన్ని వేల రూపాయలు. సరుకు ఒక్కొక్కరికి ఒక్క క్వింటాల్ పత్తి. మీ చేతిలో ఇస్పేటు అయిదు ఉంటే ఆ క్వింటాల్‌కు మీకు అయిదు వేలు ఖర్చు పడుతుందన్నమాట, అంతకు తక్కువకు ఇవ్వకూడదు. ఆఠీను ఎనిమిది ఉంటే, ఆ పత్తిని జిన్నింగ్ చేయించి దూది, గింజ అమ్ముకుంటే మీ చేతికి ఎనిమిది వేలు వస్తాయి, అంతకు మించి పెట్టకూడదు. పత్తా ఎవరికీ చూపొద్దు. బేరం ఎంతకు కుదిరితే అంత. అమ్మినవాళ్లకు ధరలోంచి తమ అంకె తీసేయగా మిగిలింది లాభం, కొన్నవాళ్లకు తమ అంకెలోంచి ధర తీసేయగా మిగిలింది లాభం. డబ్బు పెట్టేది లేదు, చాక్‌పీసుతో బండ మీద రాసుకుంటే చాలు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెప్పే చార్లెస్ హోల్ట్, మామూలు పేకకట్టతో తరగతి గదిలో ఈ ఆట ఎలా ఆడించాలో 1996లో రాశాడు. నేను తెచ్చింది దాని చిన్న రూపం.

ఆట శ్రీరాంపూర్‌లో ఆడించడానికి నాకో కారణం ఉంది. బొగ్గు బాయిలో బేరం లేదు. టన్ను బొగ్గు ధర కంపెనీ ప్రకటిస్తుంది. జీతం దేశమంతటి బొగ్గు కార్మికులకు కుదిరే వేతన ఒప్పందం ప్రకారం వస్తుంది, పదకొండో ఒప్పందం మీద 2023 మేలో సంతకాలయ్యాయి. ఫస్ట్ షిఫ్టుకు దిగినవాడు ఈ రోజు బొగ్గు ఎంత పలికిందని అడగడు. కానీ అదే కాలనీలో చాలా ఇళ్లకు చెన్నూరు దిక్కో, లక్సెట్టిపేట దిక్కో పత్తి పెట్టే అన్నదమ్ములున్నారు. కార్తీకం వచ్చిందంటే వాళ్ల ఫోన్లలో పత్తి మార్కెట్ గురించి ఒకటే మాట: “జమ్మికుంటల ఇయ్యాల ఎంత నడిచింది?” ఒకే ఇంట్లో ఒకరి సంపాదన ఏడాదంతా కదలదు, ఇంకొకరిది పొద్దుటికీ మాపటికీ మారుతుంది. ధర అనేది ఎక్కడ పుడుతుందని అడగడానికి ఇంతకంటే తగిన వాకిలి నాకు కనబడలేదు.

నల్లవి అయిదు పంచాను: మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది. ఎర్రవి అయిదు: పది, ఎనిమిది, ఏడు, అయిదు, నాలుగు. మూడు పడ్డది పక్క క్వార్టర్ కోడలికి, ఆమె పుట్టింటివాళ్లు చెన్నూరు దగ్గర పత్తి రైతులు. నల్ల ఏడు, ఇంకా పర్మనెంట్ కాని ఒక బదిలీ వర్కర్‌కు. ఎర్ర పది, ముప్పై ఏళ్లు కోల్ ఫిల్లర్‌గా చేసి దిగిపోయిన పెద్దాయనకు.

మొదటి ఆట గుసగుసలతోనే ఆడమన్నాను. ఇద్దరిద్దరు పక్కకు పోయి మాట్లాడుకోవాలి, కుదిరిన ధర ఇంకెవరికీ చెప్పకూడదు. మన పశువుల అంగట్లో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరమాడినట్టు.

“ఎన్మిదికైతే ఇస్త కాకా.”

“ఎన్మిదా? గంత యాడికెల్లి తేవాలె?”

“అయితే వేరేటోళ్లకు ఇచ్చుకుంట.”

ఈ చివరి మాటకు బెదిరి, పెద్దాయన చివరికి ఎనిమిదిన్నర వేలకు ఒప్పుకున్నాడు. ఎనిమిది అడిగితే ఎనిమిదిన్నర ఎందుకిచ్చాడని నవ్వకండి, మధ్యలో ఆ బదిలీ వర్కర్ మాట మార్చి తొమ్మిదికి ఎక్కాడు. అదే సమయంలో, మూడడుగుల దూరంలో, కోడలు తన క్వింటాల్‌ను నాలుగున్నర వేలకు ఇచ్చేసింది. కొన్నాయన చేతిలో ఎనిమిది ఉంది. ఇంకో జత ఆరు వేలకు, మరో జత నాలుగున్నర వేలకు ముగించారు. తొమ్మిది నల్లది, నాలుగు ఎర్రది మిగిలాయి. అందరూ పత్తాలు తిప్పి చూపించుకున్నాక ఆ కోడలు కొంతసేపు మాట్లాడలేదు. అయిదుగురు అమ్మేవాళ్లలో అందరికంటే తక్కువ ఖర్చుతో పండించింది ఆమె. అమ్మినవాళ్లలో అందరికంటే తక్కువ ధర తెచ్చుకున్నవాళ్లలోనూ ఆమె ఉంది. ఒకే వాకిట్లో, ఒకే సరుకుకు, ఒకే అయిదు నిమిషాల్లో ఎనిమిదిన్నర వేలూ నాలుగున్నర వేలూ.

ఇది 1948లో అచ్చయిన ఫలితమే. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చేంబర్లిన్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థులకు అంకెలు రాసిన చీటీలు పంచి, గదిలో తిరుగుతూ ఎవరితోనైనా బేరమాడుకోండని వదిలేసేవాడు. పాఠ్యపుస్తకం చెప్పే సమతుల్య ధర, అంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ సరిసమానంగా సరిపోయే ధర, నిజంగా వస్తుందా అన్నది ఆయన సందేహం. 46 సార్లు ఆడించాడు. 42 సార్లు పుస్తకం చెప్పినదానికంటే ఎక్కువ బేరాలు కుదిరాయి. సగటు ధర ఎక్కువసార్లు పుస్తకం చెప్పినదానికంటే తక్కువే వచ్చింది. మార్కెట్ తనంతట తాను సరైన చోటుకు చేరదని ఆయన తేల్చాడు.

ఎక్కువ బేరాలు కుదిరితే మంచిదే కదా అనిపిస్తుంది. మా పది పత్తాలతోనే లెక్క చూడండి. పదిని తొమ్మిదితో, ఎనిమిదిని ఏడుతో, ఏడును అయిదుతో, అయిదును నాలుగుతో, నాలుగును మూడుతో జత కడితే అయిదు క్వింటాళ్లూ అమ్ముడుపోతాయి, ఎవరూ ఖాళీ చేతులతో లేవరు. కానీ అందరి లాభం కలిపితే ఆరు వేలు. అవే పత్తాల్లో పదిని మూడుతో, ఎనిమిదిని నాలుగుతో, ఏడును అయిదుతో కలిపి మిగతా నలుగురినీ ఆపేస్తే మూడే బేరాలు, లాభం 13 వేలు. గుసగుసల ఆటలో మాకు వచ్చింది 11 వేలు. బేరాల సంఖ్య చూసి మార్కెట్ బాగుందని చెప్పలేమని ఈ లెక్క చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

చేంబర్లిన్ ఆటలో 1952లో చీటీ పట్టుకున్న విద్యార్థుల్లో వెర్నన్ స్మిత్ ఒకడు. కాన్సాస్ రాష్ట్రంలో పుట్టినవాడు. ఆ ఆట అతనికి పిల్లలాటలాగే అనిపించింది, వదిలేశాడు. తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, ఒక రాత్రి నిద్రపట్టక ఆ ఆట గుర్తుచేసుకుని, ఫలితం తప్పు కాదు, ఆట నియమమే వేరుగా ఉండాలనుకున్నాడు. 1956 జనవరిలో తన తరగతిలో రెండే మార్పులు చేశాడు. అడిగే ధర, ఇచ్చే ధర అందరికీ వినబడేలా అరిచి చెప్పాలి. అవే చీటీలతో మళ్లీ మళ్లీ, ఒక్కో ఆట ఒక్కో సంత రోజు అనుకుని ఆడాలి. ధర పుస్తకం చెప్పిన చోటుకే వచ్చి నిలబడింది. అతను నమ్మలేదు. చీటీల అంకెలు మార్చి చూశాడు. మళ్లీ వచ్చింది. ఆ పరిశోధన 1962లో అచ్చయింది, 2002లో అతనికి నోబెల్ తెచ్చింది.

అరిచి బేరమాడే పద్ధతి అమెరికాలో అప్పటికే పేకాటగా ఇంటింటికీ చేరింది. 1848లో మొదలైన షికాగో ధాన్యపు బజారులోని గోలను ఆటగా మార్చి పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1904లో ‘పిట్’ అనే పేకకట్ట అమ్మింది. గోధుమ, మొక్కజొన్న, బార్లీ, ఓట్స్ లాంటి పంటలు, ఒక్కోదానికి తొమ్మిది పత్తాలు. వంతులు లేవు. అందరూ ఒకేసారి ‘రెండు, రెండు’ ‘మూడు, మూడు’ అని అరుస్తూ మార్చుకుంటారు, ఒకే పంటవి తొమ్మిదీ పోగేసినవాడు గెలుస్తాడు. సరదాగా ఉంటుంది కానీ అందులో గోధుమ విలువ పత్తా మీదే అచ్చేసి ఉంటుంది. ధర ఎలా పుడుతుందో అది చూపదు.

మా చాప మీద రెండో ఆట స్మిత్ పద్ధతిలో. పెద్దగా అరవాలి, కుదిరిన ప్రతి ధరనూ ఒక పిల్ల బండ మీద రాస్తుంది. మొదటి సంత రోజున ఏడు, అయిదున్నర, ఆరు వచ్చాయి. రెండో రోజు ఆరున్నర, ఆరు, ఆరు. మూడో రోజు మూడు బేరాలూ ఆరు వేలకే. ఆరు అన్న అంకె పది పత్తాల్లో ఏ ఒక్కదాని మీదా లేదు. ఎవరి చేతిలోనూ లేని అంకెను పదిమంది కలిసి కనుక్కున్నారు. నేను ఈ ఆట చాలా చోట్ల చూశాను, ఈ ఘట్టం దగ్గర ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పక్కవాడి పత్తా తెలియకుండానే, పడ్డ మాటలను బట్టి దాన్ని ఊహించడం రమ్మీ ఆడేవాళ్లకు తెలిసిన విద్యే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా చెప్పడానికి చూపిన కారణాల్లో పడ్డ ముక్కలను గుర్తుపెట్టుకోవాల్సి రావడం కూడా ఒకటి.

అయితే ఈ ధర పుట్టడానికి అంత తెలివి కూడా అక్కర్లేదని తర్వాత తేలింది. 1993లో ధనంజయ్ గోడే, శ్యామ్ సుందర్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల బదులు కంప్యూటర్ ప్రోగ్రాములను మార్కెట్‌లో దింపారు. వాటికి జ్ఞాపకం లేదు, ఆలోచన లేదు, తోచిన అంకె అడుగుతాయి. ఒక్కటే నియమం: నష్టానికి అమ్మకూడదు, నష్టానికి కొనకూడదు. ఆ మొద్దు ప్రోగ్రాములే సాధ్యమైన మొత్తం లాభంలో దాదాపు అంతా రాబట్టాయి. ఆ ఒక్క నియమం తీసేస్తే గందరగోళమైంది. పని చేసింది ఆడేవాళ్ల తెలివి కాదు, ఆట నియమం.

ఈ మాట చెబుతుండగా ఏడు నల్లది పట్టుకున్న బదిలీ వర్కర్ అడ్డం వచ్చాడు. మూడు సంత రోజులూ అతని పత్తి అమ్ముడుపోలేదు, ధర ఆరు దగ్గర నిలిస్తే ఏడువాడు కూర్చోవాల్సిందే. “సార్, ఆటల నేను పత్తా కింద పెట్టి ఊకుంటున్న. మా బాపు మార్కెట్ల ఊకుంటడా? ఏరిన పత్తి ఇంట్ల పెట్టుకుంటడా?”

అతనిది ఈ అధ్యాయంలో అన్నిటికంటే పదునైన ప్రశ్న. ఆటలో ఏడు అంటే అమ్మితేనే పడే ఖర్చు. అమ్మకపోతే ఖర్చూ లేదు, నష్టమూ లేదు. రైతు ఖర్చు అలా ఉండదు. విత్తనం జూన్‌లోనే కొన్నాడు, మందులు కొట్టాడు, ఏరిన కూలీలకు ఇచ్చేశాడు. ట్రాలీ యార్డు గేటు దాటేసరికి ఆ ఏడు వేలు ఎప్పుడో ఖర్చయిపోయాయి. ఆ నిమిషాన అతని చేతిలో ఉన్నది ఏడు కాదు. ఇవాళ అమ్మకుండా వెనక్కి తీసుకుపోతే పడే తిరుగు కిరాయి, మళ్లీ ఎక్కించే హమాలీ, అప్పు మీద ఇంకో వారం మిత్తి, మంచుకు తడిసే పత్తి, వీటన్నిటినీ లెక్కేస్తే అతని అసలు పత్తా ఏ రెండో, ఒకటో. ‘నష్టానికి అమ్మకూడదు’ అన్న నియమం మొద్దు కంప్యూటర్‌కైనా ఉంది. పత్తి రైతుకు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆటలో పత్తా బోర్లా ఉంటుంది. యార్డులో రైతు పత్తా వెల్లకిలా ఉంటుంది. ట్రాలీ కిరాయిది, ఊరు దూరం, పొద్దు గూకుతోంది, పత్తి తడిగా ఉంది, ఇవన్నీ ఖరీదుదారుకు చూస్తేనే తెలుస్తాయి. ఖరీదుదారు పత్తా మాత్రం జేబులోనే ఉంటుంది.

ప్రభుత్వ మద్దతు ధరను ఈ కోణంలోంచి చూస్తే దాని పని సులువుగా అర్థమవుతుంది. అది ఎప్పుడూ తెరిచి ఉంచిన ఒక ఎర్ర పత్తా. 1970లో పెట్టిన భారత పత్తి సంస్థ, మనం సీసీఐ అనేది, ఆ పత్తా పట్టుకుని కూర్చుంటుంది. 2025–26లో పొడవు పింజ పత్తికి దాని మీద అంకె 8,110. ఆ పత్తా యార్డులో ఉందంటే, రైతు చివరి గతి రెండు వేలు కాదు, 8,110. ప్రైవేటు ఖరీదుదారు అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. కానీ దాని మీద చిన్న అక్షరాలున్నాయి. తేమ ఎనిమిది శాతం లోపుంటే పూర్తి ధర, పన్నెండు దాకా కోత, పన్నెండు దాటితే కొనరు. అక్టోబరు వానలో తడిసిన పత్తికి ఆ పత్తా మూసుకుపోతుంది, రైతు మళ్లీ వెల్లకిలా పత్తాతో బయటి బేరగాళ్ల ముందు నిలబడతాడు. తేమ కొలిచే ఆ చిన్న యంత్రం నా దృష్టిలో మార్కెట్ యార్డులో కాంటా కంటే ముఖ్యమైన వస్తువు.

వరంగల్, ఖమ్మం యార్డుల్లో జెండా పాట చూసినవాళ్లకు ఇంకో ముడి విడుతుంది. పొద్దున ఒక రాశి దగ్గర జెండా పెట్టి అందరి ముందూ పాట పాడతారు, ఆ రోజు పై ధర అక్కడ తేలుతుంది, అదే పేపర్లో పడుతుంది. తర్వాత మిగతా రాశుల దగ్గర నాణ్యత పేరు మీద ఒక్కొక్కరితో విడిగా బేరం నడుస్తుంది. చాలామందికి జెండా ధర దక్కలేదని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. మొదటి పాట స్మిత్ గది. తర్వాతి బేరం చేంబర్లిన్ గది. మా కోడలికి నాలుగున్నర వేలు వచ్చింది రెండో గదిలోనే.

ఇక మారే మార్కెట్ సంగతి. మారడం మన పత్తాలకు కొత్త కాదు. నిర్మల్‌లో నకాషీ కళాకారులు ఒకప్పుడు గంజీఫా పత్తాలు చేసేవాళ్లు, గుండ్రంగా, చేత్తో రంగులద్ది. మొగలాయి గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు, మొత్తం 96. రంగుల పేర్లలో బంగారు నాణెం, వెండి నాణెం, హుండీ కాగితం, సరుకు ఉన్నాయి, బజారంతా కట్టలోనే ఉందన్నమాట. సగం రంగుల్లో అంకె పత్తాల్లో పది పెద్దది, మిగతా సగంలో అంకెలు తిరగబడి ఒకటి పెద్దదవుతుంది. పగలు ఆడితే బంగారు నాణెపు రాజున్నవాడు మొదలుపెట్టాలి, రాత్రి ఆడితే వెండి నాణెపు రాజున్నవాడు. చేతిలో పత్తా అదే, పొద్దు మారితే దాని బలం మారింది.

మూడో ఆటకు నేను నల్లవాళ్లను కదపలేదు. ఎర్రవాళ్ల పాత పత్తాలు తీసుకుని, మాట్లాడకుండా కొత్తవి ఇచ్చాను: రాజు, జాకీ, పది, ఎనిమిది, ఏడు. రాజంటే పదమూడు, జాకీ పదకొండు. అమ్మేవాళ్లకు ఏమీ చెప్పలేదు. ఆరు దగ్గరే మొదటి బేరం తెగింది. రెండోది ఆరున్నర. మూడో బేరానికి కొనేవాళ్లిద్దరు ఒకేసారి “ఏడు” అన్నారు. ఆ గొంతుల్లో తొందర విని బదిలీ వర్కర్ నిటారుగా కూర్చున్నాడు. రెండో సంత రోజుకు నాలుగు బేరాలూ ఏడున్నర వేల దగ్గర ఆగాయి, అరిచి ఆడిన ఆటల్లో అతని క్వింటాల్ మొదటిసారి అమ్ముడుపోయింది. మొత్తం లాభం 23 వేలు, అందులో అమ్మినవాళ్లకు 11, కొన్నవాళ్లకు 12. దూరంగా ఎక్కడో ఏదో మారిందన్న కబురు ఎవరూ చెప్పకుండానే ధర మోసుకొచ్చింది.

ఇది 2021–22లో నిజంగా జరిగింది. ప్రపంచమంతా దూదికి కరువొచ్చి, మద్దతు ధర 6,025 ఉన్న పొడవు పింజ పత్తి మన యార్డుల్లో పది వేలు దాటింది. రైతుకు అమెరికా పంట సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తర్వాత 2022 ఏప్రిల్‌లో కేంద్రం దిగుమతి సుంకం, సుమారు 11 శాతం, తాత్కాలికంగా ఎత్తేసింది, అంటే మిల్లుల చేతిలోని ఎర్ర పత్తాలను మార్చింది. 2025 ఆగస్టులో మళ్లీ అదే చేసింది. పత్తా మార్చేవాడు ఒక్కోసారి వాన, ఒక్కోసారి ఢిల్లీ. ఆ పెరిగిన ధర అందరికీ అందిందా? సీజన్ మొదట్లోనే అప్పు కోసం అమ్ముకున్నవాళ్లకు అందలేదు. మొదటి బేరం ఆరుకే తెగిన మా చాప మీద కూడా అదే జరిగింది.

ముందు అమ్మడమా, ఆగడమా అన్న ఈ చిక్కును ఒక చిన్న ఆట ఎంతో చక్కగా పట్టుకుంది. 2009లో సెబాస్టియన్ పోషోన్ తయారుచేసిన ‘జైపూర్’. శ్రీరాంపూర్ పక్కన సింగరేణి కరెంటు ప్లాంటున్న జైపూర్ కాదు, రాజస్థాన్‌ది. ఇద్దరు ఆడేది, అరగంటలో అయిపోతుంది. వజ్రాలు, బట్ట, తోలు లాంటి సరుకుల పత్తాలు పోగేసి అమ్మాలి. ప్రతి సరుకుకూ బిళ్లల దొంతర ఉంటుంది, చాలావాటిలో పైన ఎక్కువ విలువవి, కింద తక్కువవి. ముందు అమ్మినవాడికి పెద్ద బిళ్ల. ఆగి, మూడో నాలుగో అయిదో ఒకేసారి అమ్మితే అదనపు బిళ్ల. కానీ చేతిలో ఏడు పత్తాలకు మించి పట్టవు. ఇంట్లో పత్తి నిల్వ పెట్టే గది ఎంతుందో అంతే ఆగగలవు, సరిగ్గా అదే లెక్క. డిసెంబరులో జమ్మికుంట రోడ్డు మీద ట్రాలీలు వరుస కట్టినప్పుడు ఆ బిళ్లల దొంతర నా కళ్ల ముందు కదులుతుంది.

ఇంకాస్త పొడవైన ఆట ఒకటుంది, దాన్ని ఏడాదికి ఒకేసారి ఆడతారు. మిర్చి ధర పోయిన ఏడు బాగుంటే ఈ ఏడు అందరూ మిర్చే పెడతారు, పంట చేతికొచ్చేసరికి ధర కూలుతుంది, మరుసటి ఏడు అందరూ మానేస్తారు, ధర లేస్తుంది. పటం గీస్తే గీతలు సాలెగూడులా అల్లుకుంటాయి, అందుకే నికొలస్ కాల్డర్ 1934లో ఆ పేరు పెట్టాడు, మొర్డెకై ఎజికియెల్ 1938లో పూర్తిగా వివరించాడు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు కడుపుమండి తిరగబడ్డ రోజు ఆ గూడు మధ్యలో ఉన్నది మనవాళ్లే. ఏడాది కిందటి ధర చూసి వేసిన పంటకు ఆ ధర దరిదాపుల్లో కూడా పలకలేదు. ఆటలో మూడు సంత రోజులు అయిదు నిమిషాల్లో గడిచి అందరూ నేర్చుకుంటారు. పొలంలో మూడు సంత రోజులంటే మూడేళ్లు, మధ్యలో అప్పులు.

కబురు తెలిస్తే చాలని కొందరంటారు. కొంతవరకు నిజమే. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏమైందో రాబర్ట్ జెన్సన్ లెక్కగట్టాడు. అంతకుముందు ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, పక్క రేవులో చేపలు దొరకక కొనేవాళ్లు వెనుదిరిగేవాళ్లు. పడవలోంచే ఫోన్ చేయడం మొదలయ్యాక రేవుల మధ్య ధరల తేడా దాదాపు పోయింది, జాలరి లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. కానీ జాలరి పడవను ఇంకో రేవుకు తిప్పగలిగాడు. మన రైతు ట్రాలీని ఆదిలాబాద్ నుంచి జమ్మికుంటకు ఫోన్ చూసి తిప్పగలడా? డీజిల్ లెక్క ఒప్పుకోదు.

చీకటి పడ్డది. నైట్ షిఫ్టువాళ్లు లేవబోతుంటే చివరిగా ఇంకొక్క ఆట అడిగాను. పత్తాలన్నీ మూడో ఆటవే, ఎర్రవి రాజు, జాకీ, పది, ఎనిమిది, ఏడు. ఒక్క మార్పు: నల్ల పత్తాలు వెల్లకిలా చాప మీద పెట్టాలి, ఎర్రవి చేతిలోనే. బేరం గుసగుసలతో.

రెండు నిమిషాలు పట్టలేదు. మూడు నల్లది నాలుగు వేలకు పోయింది, నాలుగు అయిదు వేలకు, అయిదు ఆరు వేలకు, ఏడు ఏడున్నర వేలకు. ఎవరూ నష్టానికి అమ్మలేదు. బేరాలు మూడో ఆటలోలాగే నాలుగు. బండ మీద పిల్ల కూడి చూపిస్తే మొత్తం లాభం అదే 23 వేలు, ఒక్క రూపాయి తగ్గలేదు. మార్కెట్ ఎంత బాగా పనిచేసిందని కొలిచే ఆర్థికశాస్త్రపు కొలమానం రెండు ఆటలకూ ఒకే మార్కు వేస్తుంది. కానీ ఇప్పుడు అమ్మినవాళ్ల వాటా మూడున్నర వేలు, కొన్నవాళ్లది పంతొమ్మిదిన్నర.

పెద్దాయన చేతిలో రాజు. ఒక్కడికే తొమ్మిది వేలు మిగిలాయి, కోడలి క్వింటాల్ మీద. ఆయన గెలిచినట్టు లేడు, ఆమె మూడు పత్తా వైపే చూస్తున్నాడు. ఆమె ఆ పత్తాను తీసి, కొంగుతో తుడిచి, చాప మీద బోర్లా పెట్టింది.

“ఇప్పుడు అడుగు మామా,” అంది.